సగం వాడిన షీటుకూ సాఫ్ట్‌వేర్‌లో చోటుండాలి

పుస్తకం పేరు, రచయిత, కొన్న తేదీ, బిల్లు నంబరు, ధర, ఏ బీరువాలో ఏ అరలో ఉంది, ఎవరు తీసుకెళ్లారు, ఎన్ని రోజులు ఆలస్యంగా తెచ్చారు, జరిమానా ఎంత... ఇవన్నీ ఇవాళ మామూలు డిగ్రీ కాలేజీ లైబ్రరీలోని కంప్యూటర్‌కు కూడా తెలుసు. ఆ పుస్తకం వెన్ను మీద అంటించాల్సిన స్టిక్కర్ల షీటులో ఎన్ని గళ్లు మిగిలాయో మాత్రం దానికి తెలియదు. అడిగి తెలుసుకోవాలన్న ధ్యాస కూడా చాలా ప్రోగ్రాములకు లేదు. పది పుస్తకాలు వచ్చాయి, పది లేబుళ్లు ప్రింటు తీశారు అనుకుందాం. ఎ4 షీటుకు 24 గళ్లు. పద్నాలుగు గళ్లు మిగిలిన షీటు సొరుగులోకి వెళ్తుంది. వారం తర్వాత మరో తొమ్మిది పుస్తకాలు వస్తే ప్రోగ్రాం మళ్లీ పైన ఎడమ పక్క మొదటి గడి నుంచే మొదలుపెడుతుంది. అక్కడ స్టిక్కర్ లేదు, అది ఊడిపోగా మిగిలిన నున్నటి అడుగు కాగితం ఉంది. కాబట్టి కొత్త షీటు తియ్యాల్సిందే. ఇలాంటి సగం షీట్లు సొరుగులో పేరుకుని, అంచులు చుట్టుకుపోయి, ఎప్పుడో సర్దుళ్లలో చెత్తబుట్టకు చేరతాయి. దీన్ని సిబ్బంది దుబారాగా చూడటం అలవాటైపోయింది. నిజానికి ఇది సాఫ్ట్‌వేర్ లోపం. ఏ గడి నుంచి ప్రింటు మొదలవ్వాలో అడగడం డేటాబేస్ ప్రోగ్రాముల బాధ్యత, ఆ సౌకర్యం ఉందో లేదో చూసి కొనడం మన సంస్థల బాధ్యత అన్నది నా వాదన.

లైబ్రరీల దగ్గరే ఈ బాధ ఆగిపోదు. ఇంట్లో పచ్చళ్లు, పొడులు పెట్టి అమ్మే డ్వాక్రా మహిళల్నే తీసుకోండి. సీసా మీద తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదులకు ఫోన్ నంబరు ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ సరకుల నిబంధనలు చెబుతున్నాయి. దానికి తోడు ఆహార భద్రత ప్రమాణాల సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు ఒకటి. తయారీ నెల, బ్యాచ్ నంబరు మారుతూ ఉంటాయి కాబట్టి వేల లేబుళ్లు ఒకేసారి అచ్చేయించి పెట్టుకోవడం కుదరదు. గోంగూర ఒక రోజు పదిహేడు సీసాలు, కందిపొడి మరో రోజు ఆరు ప్యాకెట్లు. ఎన్ని లేబుళ్లు కావాలో ముందుగా తెలియని చోట, ప్రతిసారీ కొత్త షీటుతో మొదలుపెడితే, సగటున ప్రతి ప్రింటుకూ దాదాపు అర షీటు మిగిలిపోతుంది. ఇది మామూలు కూడికల లెక్కే. పని చిన్నదైన కొద్దీ నష్టం పెరుగుతుంది. ఆరు ప్యాకెట్లకు 24 గళ్ల షీటు పెడితే ముప్పాతిక భాగం వృథా. మందుల షాపులు, నగల షాపులు వాడే 65 గళ్ల షీటు అయితే చెప్పనే అక్కర్లేదు. పెద్ద కంపెనీకి వేల చిరునామాల్లో చివరి షీటు ఒక్కటే మిగులుతుంది, దానికిది పట్టదు. దెబ్బంతా చిన్నవాళ్లకే. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు పరీక్షించేది వెయ్యి రికార్డుల జాబితాతో గనక ఈ బాధ వాళ్ల కంటపడదు.

ఈ ఇబ్బంది కంప్యూటర్లతో పాటే పుట్టిందని అనుకోకూడదు. పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ల కాలంలో ఇది లేదు. రెండు అంచుల్లోనూ బెజ్జాలుండే మడతల కాగితం మీద లేబుళ్లు బారుగా వచ్చేవి. ప్రింటరు ఎక్కడ ఆగితే మర్నాడు అక్కడి నుంచే మొదలు. అప్పట్లో మన ఆఫీసుల్లో బాగా నడిచిన డీబేస్, ఫాక్స్‌ప్రోలలో లేబుళ్లు తీసే ఆదేశానికి 'శాంపిల్' అన్న మాట తగిలిస్తే, అసలు చిరునామాల కంటే ముందు చుక్కగుర్తులతో ఉత్తుత్తి లేబుల్ ఒకటి కొట్టి చూపేది. గీత కుదిరిందా లేదా చూసుకుని, చక్రం కాస్త తిప్పి సరిచేసుకుని, అప్పుడు అసలు పని మొదలుపెట్టేవారు. అంటే కాగితం ఎక్కడుందో మనిషి చూసుకోవాలి, అందుకు వీలు ప్రోగ్రాం ఇవ్వాలి అన్న ఇంగితం ఆ రోజుల్లోనే ఉంది. 1984లో హెచ్‌పీ లేజర్‌జెట్ రావడంతో, ఆ తర్వాత లేజర్ ప్రింటర్లు బల్లల మీదికి దిగడంతో లెక్క మారింది. లేజర్ ప్రింటరుకు పేజీయే కొలమానం. పావు వంతు పేజీ అంటూ దానికి ఉండదు, ఒక్క లేబుల్ కావాలన్నా మొత్తం షీటు లోపలికి వెళ్లి రావాల్సిందే. కాగితం బారు నుంచి పేజీకి మారింది కానీ లేబుళ్లు తీసే ప్రోగ్రాములు మాత్రం ఎప్పుడూ కొత్త షీటే పెడతారన్న భరోసాతో తయారయ్యాయి. కాగితానికి ఉన్న జ్ఞాపకం పోయింది, దాని బదులు జ్ఞాపకం పెట్టుకోవాల్సిన ప్రోగ్రాం ఆ పని తనది కాదనుకుంది.

అదేమైనా బ్రహ్మవిద్యా అంటే కాదు. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో రిపోర్టు ప్రతి లేబుల్ దగ్గరా మూడు విషయాలు విడివిడిగా తేల్చుకుంటుంది: తర్వాతి రికార్డుకు వెళ్లాలా, ఈ గడిలో అచ్చు వెయ్యాలా, కాగితం మీద తర్వాతి గడికి జరగాలా. మామూలుగా మూడింటికీ జవాబు అవును. వాడేసిన గళ్లు పది ఉన్నాయని చెబితే, మొదటి పదిసార్లూ గడి మాత్రం జరగాలి, అచ్చు పడకూడదు, రికార్డు కదలకూడదు. పదకొండోసారి నుంచి అన్నీ మామూలే. ఇంతే సూత్రం. రెండో షీటుకు వెళ్లాక ఖాళీలు వదలాల్సిన పని లేదు కాబట్టి ఆ లెక్క మొదటి షీటుతోనే అయిపోతుంది. ఒకే పుస్తకానికి మూడు లేబుళ్లు కావాలంటే కూడా ఇదే ఉపాయం, రికార్డును నిలిపి కాగితాన్ని జరపడమే. మైక్రోసాఫ్ట్ వాళ్లే తమ సహాయ పత్రాల్లో ఈ పద్ధతిని కోడ్‌తో సహా ఏనాడో వివరించారు. అయితే ఆ కోడ్‌ను వాడుకరి తనే తన రిపోర్టులో రాసుకోవాలి. లేబుళ్ల కోసం ఒక విజార్డు తయారుచేసి, షీటు కొలతలు, కంపెనీ నంబర్లు వందల కొద్దీ అందులో నింపి, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్న ఒక్క ప్రశ్నను వాడుకరి నెత్తిన వదిలేయడం నాకు వింతగానే తోస్తుంది. బంతిలో మొదటి పది విస్తళ్లకు వడ్డన అయిపోయి ఉంటే, పదకొండో విస్తరి దగ్గర మొదలుపెట్టమని వడ్డించేవాడికి ఎవరూ పాఠం చెప్పరు.

చెయ్యదలచుకున్నవాళ్లు చేసి చూపించారు కూడా. న్యూజిలాండ్‌లోని ఒక ప్రాంతీయ లైబ్రరీ ట్రస్టు కోసం తయారై, 2000లో వాడకంలోకి వచ్చి, ఇవాళ మన దేశంలో ఎన్నో కాలేజీలు ఉచితంగా వాడుకుంటున్న కోహా సాఫ్ట్‌వేర్‌లో లేబుళ్ల పీడీఎఫ్ తీసేటప్పుడు ఎన్నో గడి నుంచి మొదలవ్వాలో చెప్పే వీలుంది. ప్రింటరు కాగితాన్ని కాస్త అటూ ఇటూ జరిపే గుణాన్ని సరిదిద్దుకోవడానికి ఒక్కో ప్రింటరుకు ఒక్కో ప్రొఫైల్ పెట్టుకోవచ్చు. లినక్స్‌లో దొరికే జీలేబుల్స్ అనే ఉచిత ప్రోగ్రాం కూడా మొదటి షీటులో ఏ లేబుల్ నుంచి అని అడుగుతుంది. డబ్బు పోసి కొనే వర్డ్‌లో మాత్రం వరుస, నిలువు చెప్పి ఒక్క లేబుల్ ఒక్క గడిలో కొట్టించుకోవచ్చు. చిరునామాల జాబితా కలిపి మెయిల్ మెర్జ్ చేస్తే ఆ సదుపాయం లేదు, మొదటి గడి నుంచే. ఉచితంగా ఇచ్చేవాళ్లకు తట్టిన ఆలోచన అమ్ముకునేవాళ్లకు తట్టకపోవడం తెలివి తక్కువై కాదు. కోహా లాంటివి లైబ్రరీల్లో పనిచేసేవాళ్ల మధ్య పెరిగాయి. ఆ షీటు ఎవరి సొరుగులో ఉంటుందో వాళ్లే ఆ ప్రశ్న అడిగారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఎక్సెల్ జాబితాలో పైన పది ఖాళీ వరుసలు చేర్చి మెర్జ్ చేస్తే మొదటి పది గళ్లూ ఖాళీగానే వస్తాయి కదా, దీనికోసం ఇంత రాద్ధాంతం ఎందుకని. ఆ చిట్కా పనిచేస్తుంది, చాలా ఆఫీసుల్లో పని గడుస్తున్నది దానితోనే. కానీ అది కాగితం జబ్బును తెచ్చి డేటాకు అంటించడం. ఒకసారి చేర్చిన ఖాళీ వరుసలు తీసేయడం మర్చిపోతే రేపటి జాబితాలో అవి అలాగే ఉంటాయి. జాబితాను అకారాది క్రమంలో పేర్చగానే ఖాళీలు ఎటు పోతాయో చెప్పలేం. ఎక్సెల్ వాటిని ఎప్పుడూ అడుక్కి నెడుతుంది. ఆరోహణ క్రమంలో యాక్సెస్, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లు వాటిని పైకి తెస్తాయి, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కిందకి పంపుతుంది. ఒక యంత్రంలో కుదిరిన చిట్కా పక్క యంత్రంలో బెడిసికొడుతుంది. ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. సరిగ్గా కట్టిన డేటాబేస్ ఖాళీ రికార్డును ఒప్పుకోదు, పేరో నంబరో ఏదో ఒకటి ఉండాలంటుంది. అప్పుడు గుమస్తా ఒక చుక్క కొట్టి ముందుకు వెళ్తాడు. అది సభ్యుల జాబితా అయితే ఆ రోజు నుంచి సంఘంలో చుక్క అనే సభ్యుడు ఉంటాడు, సర్వసభ్య సమావేశం కోరం లెక్కలోకి కూడా వస్తాడు. లైబ్రరీలో అయితే చుక్క పేరుతో ఒక పుస్తకం ఉంటుంది. స్టాక్ వెరిఫికేషన్‌లో అది దొరకదు, దొరకని పుస్తకానికి సంజాయిషీ రాయాల్సింది లైబ్రేరియనే. నాలుగు స్టిక్కర్లు మిగుల్చుకోవడానికి నమ్మకమైన జాబితాను పాడుచేసుకోవడం ఏ లెక్కన చూసినా దండగ.

మరో చిట్కా షీటును తలకిందులు చేసి పెట్టడం. ఇది మంచి ఉపాయమే, సాఫ్ట్‌వేర్‌తో పని లేదు కూడా. పై నుంచి పది గళ్లు వాడేసిన 24 గళ్ల షీటును తిప్పి పెడితే వాడినవి అడుక్కి పోతాయి, పైన పద్నాలుగు గళ్లు తాజాగా ఉంటాయి. పైన, కింద అంచుల్లో వదిలిన జాగా సమానంగా ఉన్న షీటు అయితే తొమ్మిది లేబుళ్లు హాయిగా వచ్చేస్తాయి. చిక్కు మూడోసారి. ఇప్పుడు రెండు కొసలూ ఖాళీ, మధ్యలో ఐదు గళ్లు మిగిలాయి. ఇక ఎటు తిప్పినా మొదటి గడిలో స్టిక్కర్ ఉండదు. ఇంకొంచెం లోతుగా చూస్తే ఎక్కడి నుంచి అన్న ఒక్క అంకె కూడా చాలదని ఇక్కడే తెలుస్తుంది. ఎనిమిది లేబుళ్లు కావాలంటే పదో గడి నుంచి పద్నాలుగు దాకా కొట్టి, అక్కడ ఆగి, మిగిలిన మూడూ కొత్త షీటుకు పంపాలి. ఆగకపోతే పదిహేనో గడి దగ్గర అచ్చు అడుగు కాగితం మీద పడుతుంది. ఎవరో హడావిడిలో షీటు మధ్య నుంచి ఒక స్టిక్కర్ పీక్కుపోతే సంగతి సరేసరి. అందుకే అంకె అడగడం కనీసం. తెర మీద షీటు బొమ్మ వేసి, వాడేసిన గళ్ల మీద నొక్కితే వాటిని వదిలేసే ఏర్పాటు ఉంటే అది సరైన పని.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం ప్రింటర్ల బాగు తెలిసినవాళ్ల దగ్గర నుంచి వస్తుంది. దాన్ని తేలిగ్గా తీసేయడానికి లేదు. లేజర్ ప్రింటరులో టోనర్ పొడిని కాగితానికి అతికించేది వేడి, ఒత్తిడి. ఫ్యూజర్ రోలరు దగ్గర ఉష్ణోగ్రత సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. స్టిక్కర్లు ఊడిన చోట పక్క స్టిక్కర్ అంచు లేచి ఉంటే, ఆ వేడికి జిగురు మెత్తబడి, స్టిక్కర్ ఊడి రోలరుకు చుట్టుకుపోవచ్చు. అందుకే లేజర్ ప్రింటర్ల తయారీదారులు లేబుళ్లన్నీ ఉన్న పూర్తి షీట్లే వాడమంటారు. నాలుగు రూపాయల షీటు ఆదా చేయబోయి వేల రూపాయల ఫ్యూజర్ మార్పించుకోవడం పొదుపు కాదు. ఇది ఒప్పుకోవాల్సిందే. కానీ దీని నుంచి సాఫ్ట్‌వేర్‌కు ఈ ప్రశ్నతో పని లేదని తేల్చడం తొందరపాటు. చిన్న సంస్థల్లో ఇవాళ ఇంక్ ట్యాంక్ ప్రింటర్లు బాగా కనిపిస్తున్నాయి. వాటిలో ఆ వేడి లేదు. ముందుగా లోపలికి వెళ్లే అంచు చెక్కుచెదరకుండా ఉండి, లేచిన స్టిక్కర్ ఏదీ లేకపోతే సగం షీటును అవి మామూలుగానే తీసుకుంటాయి (తడి చెయ్యి తగిలితే సిరా చెరుగుతుంది కాబట్టి పచ్చడి సీసాలకు పైన టేపు వెయ్యాలి, అది వేరే సంగతి). లేజరే ఉన్నచోట కూడా ఇంకా ఎన్ని గళ్లు మిగులుతాయో ప్రోగ్రాంకు తెలిస్తే మేలే. పది లేబుళ్లు అడిగినప్పుడు పద్నాలుగు గళ్లు ఖాళీగా పోతున్నాయని అది హెచ్చరించవచ్చు. రాబోయే పుస్తకాలకు వరుస బార్‌కోడ్ నంబర్లు ఆ గళ్లలో ఇప్పుడే కొట్టి ఉంచనా అని అడగవచ్చు. షీటు ఒక్కసారే లోపలికి వెళ్తుంది, ఒక్క గడీ వృథా కాదు. వాడేసిన గళ్లు వదలడమూ, మిగిలే గళ్లు నింపడమూ ఒకే లెక్కకు రెండు వైపులు. ఆ లెక్క ప్రోగ్రాంలో ఉంటే, ఏ ప్రింటరుకు ఏది మంచిదో వాడేవాళ్లు ఎంచుకుంటారు.

షీట్లే మానేసి చుట్టలాగా వచ్చే లేబుల్ రోలు, థర్మల్ ప్రింటరు కొనుక్కోమని ఇంకొందరు అంటారు. ఆసుపత్రి ల్యాబులో రోగి వచ్చిన క్షణాన రక్తం సీసాకు ఒక్క లేబుల్ కావాలి. అక్కడ రోలే సరైనది, షీటు పెట్టడం ప్రమాదం కూడా. పార్శిళ్లు పంపే దుకాణాలకూ అంతే. ఆ యంత్రం ఒక విధంగా పాత డాట్ మ్యాట్రిక్స్ తెలివినే తిరిగి తెచ్చింది, ఎక్కడ ఆగితే అక్కడి నుంచే మొదలు. అయితే నెలకు ఇరవై పుస్తకాలు వచ్చే గ్రామీణ కాలేజీకి, వారానికి ముప్పై సీసాలు అమ్మే సంఘానికి ఉన్న ప్రింటరు పక్కన పెట్టి ఇంకో యంత్రం, దానికి వేరే రోళ్లు కొనమనడం భావ్యం కాదు. పైగా నేరుగా వేడితో అచ్చయ్యే చౌక థర్మల్ లేబుల్ వెలుతురుకూ వేడికీ వెలిసిపోతుంది. పుస్తకం మీద ఏళ్ల తరబడి నిలవాల్సిన లేబుల్‌కు అది పనికిరాదు. నిలిచేలా రిబ్బన్‌తో అచ్చయ్యే రకం కావాలంటే ఖర్చు ఇంకా పెరుగుతుంది.

షీటు ధర కొద్ది రూపాయలే, దానికోసం ఇంతా అంతా ఎందుకనేవాళ్లూ ఉంటారు. ఖరీదు చిన్నదే. కానీ అడుగు కాగితానికి సిలికాన్ పూత ఉంటుంది, స్టిక్కర్‌కు జిగురు ఉంటుంది. పాత పేపరు కింద వేసి మళ్లీ గుజ్జు చేయడానికి ఈ రెండూ అడ్డమే, కాగితపు మిల్లులకు జిగురు పెద్ద తలనొప్పి. అంటే వాడని స్టిక్కర్ షీటు తెల్ల కాగితం లాంటిది కాదు, పారేస్తే అది చెత్తే. ఇక సర్దుబాట్లకు పోయే సమయం ఎవరి ఖాతాలోనూ పడదు. ఏ గడి నుంచి అని అడిగే పెట్టె ఒక్కసారి రాస్తే ఆ ప్రోగ్రాం వాడే ప్రతి ఆఫీసులోనూ అది పనిచేస్తుంది. రాయకపోతే ప్రతి ఆఫీసులో ప్రతి వారం ఎవరో ఒకరు ఆ లెక్క చేత్తో వేసుకుంటూ ఉండాలి. ప్రభుత్వ ఆఫీసుల్లో పెన్సిళ్లకు, కాగితం రీములకు స్టాకు రిజిస్టరు ఉంటుంది. సగం షీటు మాత్రం ఏ రిజిస్టరులోనూ కనిపించదు, ఎందుకంటే వాడినట్టు రాసేది మొత్తం షీటునే.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి మరో రెండున్నాయి. లేబుల్ కొలతల జాబితాలు ఎక్కువగా అమెరికా నుంచి వస్తాయి. అక్కడ బాగా పేరున్న ఏవరీ 5160 షీటు లెటర్ సైజుది, 216 బై 279 మిల్లీమీటర్లు, 30 గళ్లు. మన ఎ4 కాగితం 210 బై 297. వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. ఆ కొలతతో ఈ షీటు మీద కొడితే పైన కుదిరినట్టే ఉండి కిందకు పోయే కొద్దీ అక్షరాలు గడి దాటిపోతాయి. పీడీఎఫ్ ప్రింటు తీసేటప్పుడు పేజీకి సరిపోయేలా కుదించే ఎంపిక పడి ఉన్నా ఇదే జరుగుతుంది, అసలు కొలతకే కొట్టమని ఎంచాలి. కొత్త షీటులో అర మిల్లీమీటరు తేడాను కన్ను క్షమిస్తుంది. సగం షీటులో ఆ తేడా అచ్చును అడుగు కాగితం మీదికి లాగుతుంది. అందువల్ల వాడిన గళ్లు వదలడం ఒక్కటే ఉంటే చాలదు, అంచు దూరాలు మిల్లీమీటర్లలో మార్చుకునే వీలు, మామూలు కాగితం మీద ముందుగా కొట్టి చూసుకునే వీలు కూడా కావాలి.

ఇవేవీ కొత్త పరిశోధన అడిగేవి కావు, కొనుగోలు పత్రంలో రెండు వాక్యాలు అడిగేవి. లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌కు, బిల్లింగ్ ప్యాకేజీకి, సభ్యత్వాల ప్రోగ్రాంకు టెండరు పిలిచే కాలేజీలు, విశ్వవిద్యాలయాలు, శాఖలు 'వాడేసిన లేబుల్ గళ్లను వదిలి, జాబితాలో ఖాళీ రికార్డులు చేర్చనవసరం లేకుండా ప్రింటు తీయగలగాలి' అన్న షరతును అందులో చేర్చాలి. టెండర్లు లేని చిన్న సంస్థలు అమ్మకందారు డెమో చూపించే రోజున తెల్ల షీటు ఇవ్వొద్దు. ఎక్కడెక్కడో నాలుగు స్టిక్కర్లు ఊడిన షీటు ఒకటి చేతికిచ్చి, మిగిలిన గళ్లలో పడేలా ఏడు లేబుళ్లు తియ్యమనండి. తీయలేకపోతే, బేరం అక్కడే ఆపి, ఆ పని ఎప్పటికి చేసిస్తారో రాతపూర్వకంగా అడగండి.